దయగల తొండి

ఇరవై ముఖాల పాచిక మీద 19 పడింది. నేను 7 అని చెప్పాను.

వర్షాకాలం, శనివారం రాత్రి. ఎంవీపీ కాలనీలో మా ఫ్లాటు. డైనింగ్ టేబుల్ మీద చేత్తో గీసిన మ్యాపు, నాలుగు కేరెక్టర్ షీట్లు, చల్లారిపోయిన మిర్చి బజ్జీలు, రకరకాల పాచికలు. నా ముందు మాత్రం అట్టముక్కలతో చేసుకున్న ఒక తెర. కథ చెప్పేవాడిని నేనే కాబట్టి రాక్షసుల బలాలు, రహస్య ద్వారాలు, మోసగాళ్ళ అసలు సంగతులు అన్నీ ఆ తెర వెనకే ఉంటాయి. రాక్షసుల తరఫున పాచికలు వేసేదీ అక్కడే. ఏం పడిందో నాకొక్కడికే కనిపిస్తుంది. మిగతా నలుగురూ నా నోటిమాట నమ్ముతారు.

ఆ నమ్మకాన్ని ఆ రాత్రి నేను వాడేసుకున్నాను. ఉద్దేశం మంచిదే. ఇప్పటికీ అది మంచి ఉద్దేశమే అనుకుంటున్నాను. అయినా చేసిన పని తప్పని ఎందుకు తేల్చుకున్నానో చెప్పడానికి ఇదంతా రాస్తున్నాను. ఆటలో ఒక అంకె మార్చి చెప్తే ఏమైపోతుందండీ అని మీరు నవ్వుకోవచ్చు. మొదట్లో నేనూ అలాగే నవ్వేశాను.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు మూడు చిన్న పుస్తకాలు ఒక పెట్టెలో పెట్టి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అని అమ్మారు. దానికి ముందు ఉన్నవి యుద్ధక్రీడలు. బొమ్మ సైనికుల్ని బల్ల మీద కదుపుతూ ఆడేవి. వాటి మూలాలు ఇంకా వెనక్కి, 1824 నాటి ప్రష్యా సైన్యం దాకా వెళ్తాయి. అక్కడ ఆఫీసర్లకి తర్ఫీదు ఇవ్వడానికి ఒక ఆట ఉండేది. రెండు పక్షాల మధ్య ఒక అంపైరు కూర్చుని, ఎవరికి ఏం కనిపిస్తుందో, ఏ దెబ్బకి ఎంత నష్టమో చెప్పేవాడు. గైగాక్స్, ఆర్నెసన్ల ఆటలో ఆ అంపైరే కథకుడయ్యాడు. సైన్యం స్థానంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క మనిషి వచ్చాడు. "నేను ఈ తలుపు తీస్తాను" అని ఆటగాడంటాడు. లోపల ఏముందో కథకుడు చెప్తాడు. ఫలితం అనుమానమైతే పాచిక చెప్తుంది. అంతే ఆట. మిగతాదంతా ఈ మూడు గొంతుల మధ్య జరిగే సంభాషణే.

మేం ఆడే లోకం మాత్రం పూర్తిగా ఇక్కడిదే. మా అమ్మ దాచిపెట్టిన చందమామ బైండ్లలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్స్ చదువుతూ, చిత్రా వేసిన బొమ్మల్ని గంటల తరబడి చూస్తూ పెరిగినవాణ్ణి నేను. 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'శిథిలాలయం', 'పాతాళదుర్గం'... ఆ పేర్లు వింటే ఇప్పటికీ అరచేతుల్లో చెమట పడుతుంది. అందుకే మా ఆటలో ఎల్ఫులు, డ్వార్ఫులు ఉండరు. బొర్రా గుహల్లాంటి గుహలు, తొట్లకొండ లాంటి కొండ మీద శిథిలాలు, కిందన ఒక రేవు పట్టణం, రేవులో దిగే మాంత్రికులు ఉంటారు.

ఆ రాత్రి మా వాళ్ళు గుహలో చిక్కుకున్నారు. లోయ మీద ఒక తాళ్ళ వంతెన. వెనక ఒక రాతిమనిషి తరుముకొస్తున్నాడు. యోధుడికి స్పృహ లేదు. వైద్యుడి దగ్గర మంత్రాలు అయిపోయాయి. విలుకాడు యోధుణ్ణి భుజాన వేసుకుని వంతెన దాటాలి. దాటేవరకూ ఎవరో ఒకరు ఇవతలి ఒడ్డున నిలబడి రాతిమనిషిని ఆపాలి. ఒక్క వరస చాలు. మాంత్రికురాలు ఆడుతున్న అమ్మాయి (ఇక మీదట కూడా మాంత్రికురాలు అనే అంటాను) తన షీటు చూసుకుంది. ఒక్క మంత్రం మిగిలి ఉంది. ప్రాణబలం నాలుగు.

ఆమె చిన్న కాగితం మీద లెక్క వేసింది. రాతిమనిషి దెబ్బ తగలాలంటే ఇరవై ముఖాల పాచిక మీద 14 గానీ ఆ పైన గానీ పడాలి. అంటే నూటికి 35. తగిలితే ఆరు ముఖాల పాచికలు రెండు వేస్తారు. మొత్తం నాలుగుకి తగ్గకపోతే ఆమె పోయినట్టే. 36 రకాలుగా పడే ఆ జంటలో 33 ఆమెని చంపేవే. రెండూ కలిపితే చావు నూటికి 32 పాళ్ళు. మేం ఆడేది పాత పద్ధతి. ప్రాణబలం సున్నా అయితే మనిషి లేనట్టే. ఆ కేరెక్టర్ని ఆమె ఏడాదిన్నరగా ఆడుతోంది.

"మూడింట ఒకటి. నిలబడతాను" అంది. మిగిలిన ఒక్క మంత్రాన్ని తనకి వాడుకోకుండా, వంతెన తాళ్ళు తెగిపోకుండా కట్టడానికి వాడేసింది.

నేను పాచిక వేశాను. 19.

ఆ నెలలోనే ఆమె ఇంట్లో ఏవో ఇబ్బందులు. ఆఫీసులో జీతం ఆలస్యం. వారంలో ఆమె నవ్వేది ఈ బల్ల దగ్గరే అని నాకు తెలుసు. తెర వెనక ఆ అంకె చూసి, తెర మీద నుంచి ఆమె మొహం చూశాను. "ఏడు" అన్నాను. రాతిమనిషి పిడికిలి గాలిని కొట్టిందని వర్ణించాను. బాగా వర్ణించాను కూడా. అందరూ బల్ల గుద్ది అరిచారు. పక్క ఫ్లాటువాళ్ళు తలుపు కొట్టారు.

ఒక్క ఆమే అరవలేదని తర్వాత గుర్తొచ్చింది.

*

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మామ్మతో అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. ఆవిడ తొండి ఆడేది. తను గెలవడానికి కాదు, నేను గెలవడానికి. గవ్వలు వేసి, నేను చూసేలోపు ఒకదాన్ని వేలితో తిప్పేసేది. ఆ తొండిని ఎవరైనా పాపం అంటారా? దయగల తొండి అనేది ఒకటుందని, అది పెద్దవాళ్ళ హక్కని నాకు ఆ గవ్వల దగ్గరే తెలిసింది. ఆ రాత్రి నేను చేసింది కూడా మామ్మ పనే అనుకున్నాను.

కథ చెప్పేవాళ్ళందరూ చేసేది ఇదే కదా అని కూడా అనుకున్నాను. నవల రాసేవాడు తన నాయికని పందొమ్మిదో అధ్యాయంలో చావకుండా చూసుకుంటాడు. ఎవరూ అతన్ని అబద్ధాలకోరు అనరు. మరి నేనెందుకు దోషిని?

ఈ ప్రశ్నకి జవాబు వెతకాలంటే ఈ ఆటలో మాయ ఎలా పనిచేస్తుందో చూడాలి.

మాయ అంటే ఏదైనా జరిగిపోవడం అని పైపైన అనిపిస్తుంది. కానీ నిలిచిన కథల్లో మాయకి ఎప్పుడూ ఒక గట్టు ఉంటుంది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ఏమైనా చెయ్యగలడు, కానీ వాడి ప్రాణం ఎక్కడో దూరాన ఒక చిలకలో ఉంది. ఆ చిలకే లేకపోతే బాలవర్ధికి చెయ్యడానికి ఏమీ లేదు. విక్రమార్కుణ్ణి బలి ఇవ్వాలనుకున్న భిక్షువుకి ఒక షరతుంది, రాజు సాష్టాంగపడాలి. ఆ షరతే రాజు చేతికి కత్తి అయింది. "ఎలా పడాలో నాకు తెలీదు, చూపించు" అన్నాడు. యుక్తి అనే మాటకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. ఎదుటివాడి బలానికి ఉన్న నియమాన్నే పట్టుకుని వాణ్ణి గెలవడం. మాయకి నియమం లేకపోతే మనిషికి యుక్తి లేదు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మొదట్లో ఉన్న పద్ధతి ఏమిటంటే, మాంత్రికుడు పొద్దున్న కొన్ని మంత్రాలు కంఠస్థం చేస్తాడు. ఒకటి వాడగానే అది బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోతుంది. జాక్ వాన్స్ అనే రచయిత 1950లో అచ్చయిన 'ది డైయింగ్ ఎర్త్' కథల్లో ఊహించిన పద్ధతి అది. గైగాక్స్ దాన్ని తీసుకున్నాడు. కొత్తగా చేరినవాళ్ళకి దీన్ని వివరించడానికి నాకు వాన్స్ అక్కర్లేదు. "కర్ణుడు" అంటే చాలు. ఒక పక్క, అవసరమైన వేళకి బ్రహ్మాస్త్రం గుర్తురాదన్న పరశురాముడి శాపం. మరో పక్క, కవచకుండలాలు కోసిచ్చినందుకు ఇంద్రుడిచ్చిన శక్తి. ఒక్కసారే వాడాలి, వాడాక వెనక్కి వెళ్ళిపోతుంది.

ద్రోణపర్వంలో, పద్నాలుగోనాటి రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు కౌరవసేనని చీకట్లో తొక్కేస్తున్నప్పుడు కర్ణుడి దగ్గర ఉన్నది ఆ ఒక్క ఆయుధం. అర్జునుడి కోసం దాచింది. చుట్టూ వాళ్ళంతా కేకలు పెడుతున్నారు. వాడేశాడు. ఘటోత్కచుడు పడ్డాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషంతో గంతులేశాడు. అర్జునుడికి ఒళ్ళు మండి ఎందుకీ సంబరం అని అడిగితే, ఇక కర్ణుడి చేతిలో నీకు చావు లేదన్నాడు.

కృష్ణుడి సంతోషం క్రూరమైనదే. ఆ సంగతి నేను దాటవెయ్యను. కానీ ఒక్కసారి ఇలా ఊహించండి. కథకుడికి కర్ణుడి మీద జాలేసి, అర్జునుడి ఎదుట నిలబడే రోజున అతని అమ్ములపొదిలో చడీచప్పుడు లేకుండా ఇంకో శక్తి పెట్టాడనుకోండి. ఏమవుతుంది? కర్ణుడికి మేలు జరుగుతుంది. కానీ ఘటోత్కచుడి చావు దేనికీ కొరగాకుండా పోతుంది. కర్ణుడు ఆ రాత్రి పడిన సంకటం కూడా ఉత్తిదే అయిపోతుంది. 'ఒక్కటే ఉంది' అన్న నిజమే ఆ నిర్ణయానికి బరువిచ్చింది. వెనక్కి వెళ్ళి ఆ నిజాన్ని మార్చేస్తే, ఆ నిర్ణయం ఇక నిర్ణయం కాదు.

నవలా రచయితకీ నాకూ తేడా ఇక్కడే ఉంది. నవలలో నాయికకి ఎవరూ పాచిక వేస్తామని మాటివ్వలేదు. పాఠకుడు వంతెన దగ్గర నిలబడలేదు. నా బల్ల దగ్గర ఒక మనిషి కాగితం మీద లెక్క వేసుకుని, నూటికి 32 పాళ్ళు పోతానని తెలిసి నిలబడింది. నేను ఏడు అన్నాక ఆ 32 ఉత్త సున్నా అయింది. ఆమె ధైర్యం కూడా దాంతోపాటే సున్నా అయింది. అసలు నేను ఆ రెండో పాచికలు కూడా వెయ్యలేదు చూడండి. 36లో మూడు పాళ్ళు ఆమె తనంతట తను బతికే వీలుంది. ఆ మూడు పాళ్ళూ నేనే లాగేసుకున్నాను.

మామ్మతో అష్టాచెమ్మా వేరు. అక్కడ ఏడేళ్ళ పిల్లాడు ఏ లెక్కా వెయ్యలేదు. గవ్వ ఎలా తిరిగినా ఆడుకోవడమే వాడికి కావలసింది. పెద్దమనిషి లెక్క వేసుకుని నిలబడ్డ చోట గవ్వ తిప్పితే, ఆమెని ఏడేళ్ళ పిల్లని చేసినట్టు.

ఆఫీసులో ఇదే పని నేను చచ్చినా చెయ్యను. కోడ్‌లో తప్పు రాస్తే సీనియర్లు తిడతారు, సరిదిద్దుకోమంటారు. కానీ జరిగింది ఒకటైతే లాగ్‌లో ఇంకొకటి ఉండేలా మార్చడాన్ని మా వృత్తిలో ఎవరూ క్షమించరు. తప్పు చేసిన సిస్టమ్‌ని బాగుచెయ్యొచ్చు, లాగ్ అబద్ధమాడితే ఇక దేన్ని చూసి బాగుచేస్తాం? పదేళ్ళుగా ఆ నియమం మీద బతుకుతూ, శనివారం రాత్రి మాత్రం నేను లాగ్ మార్చేశాను.

*

మూడు వారాల తర్వాత బీచ్ రోడ్డులో, కురుసుర సబ్‌మెరైన్‌కి కాస్త ఇవతల గోడ మీద కూర్చుని ముంత మసాలా తింటున్నాం, నేనూ మాంత్రికురాలూ. మిగతావాళ్ళు ఇంకా రాలేదు. చీకటి పడ్డాక సముద్రం కనిపించదు. రేవులోకి పిలుపు కోసం ఆగి ఉన్న ఓడల దీపాలు మాత్రం వరసగా కనిపిస్తాయి.

"అన్నా, ఒకటి అడుగుతాను. తప్పించుకోకూడదు" అంది.

"అడుగు."

"వంతెన దగ్గర పడింది ఏడు కాదు కదా?"

నేను ముంతలో ఉల్లిపాయ ముక్కలు వెతికాను.

"నీ వెనక బాల్కనీ తలుపు ఉంది కదన్నా. రాత్రిపూట ఆ గ్లాసులో అన్నీ కనిపిస్తాయి. పందొమ్మిది."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"అందరి ముందు నీ పరువెందుకు తియ్యడం అని."

సారీ చెప్పాను. నీ కోసమే చేశానన్నాను. అప్పుడు ఆమె చెప్పింది ఇది. ఆమె అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను.

వాళ్ళ తాతగారి ఊరు స్టీల్ ప్లాంటు భూముల్లో పోయింది. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని రాష్ట్రమంతా రోడ్డెక్కింది. తుపాకీ కాల్పుల్లో మనుషులు చచ్చిపోయారు. 1971లో శంకుస్థాపన అయింది. 1992లో ప్లాంటుని జాతికి అంకితం చేశారు. ఆ మధ్యలో అరవైకి పైగా ఊళ్ళు ఖాళీ అయ్యాయి. నిర్వాసితుల కుటుంబాలకి ఆర్ కార్డులు వచ్చాయి. కార్డు ఉన్న కుటుంబంలో ఒకరికి ఉద్యోగం అన్నారు. చాలామందికి వచ్చింది. చాలామందికి రాలేదు. ఇదంతా గాజువాకలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా వినిపించే చరిత్రే.

ఆమె చెప్పింది మాత్రం ఆ చరిత్ర గురించి కాదు. వాళ్ళ తాతగారి గురించి.

"మా నాన్నకి పద్దెనిమిదేళ్ళప్పుడు తాత చెప్పాడంట, వచ్చే లిస్టులో నీ పేరుందిరా, నేను కనుక్కున్నాను అని. అసలు ఏటీ కనుక్కోలేదు. ఊరు పోయి కొడుకు దిగులుగా ఉంటే చూడలేక అన్నాడు. ఆ యేడు రాలేదు. మళ్ళీ ఏడు కూడా అదే మాట. ఈసారి గ్యారంటీ అని. ఐటీఐలో సీటొస్తే నాన్న వెళ్ళలేదు. పిలుపొచ్చినప్పుడు ఊళ్ళో లేకపోతే ఎలాగని. ఆరేళ్ళు. తర్వాత తాత పోయే ముందు చెప్పేశాడు, నాకేం తెలీదురా, నువ్వు బాధపడకూడదని అన్నాను అని. నాన్న లారీ క్లీనర్‌గా చేరాడు."

కాసేపాగి అంది. "తాత మంచోడన్నా. నాన్న ఇప్పటికీ తాతని ఒక్క మాట అనడు. కానీ ఆ ఆరేళ్ళు నాన్నవి కదా. ఉద్యోగం రాదు అని తెలిస్తే ఏం చేసేవాడో అది నాన్న ఇష్టం. ఏం చెయ్యాలో తాత నిర్ణయించేశాడు, నాన్నకి తెలీకుండానే."

నేనేం మాట్లాడలేదు.

"ఆ పందొమ్మిది నాదన్నా. నాకిచ్చేయ్" అంది.

*

ఆ రాత్రి ఇంటికొచ్చాక నాకు గుర్తొచ్చింది సభాపర్వం. జూదం గురించి మాట్లాడేటప్పుడు అందరికీ శకునే గుర్తొస్తాడు. తొండి అంటే శకుని తొండి, ద్వేషంతో ఆడిన తొండి. అందుకే నాలాంటివాళ్ళు తప్పించుకుంటారు, మాది ద్వేషం కాదు కదా అని. కానీ ఆ సభలో దయగల తొండి కూడా ఒకటి జరిగింది. అది ధృతరాష్ట్రుడు చేశాడు.

ద్రౌపది అడిగింది జాలి కాదు. పిలవడానికి వచ్చిన ప్రాతికామి చేత ఆమె పంపిన ప్రశ్న అచ్చంగా నియమాల ప్రశ్న. ముందు ఎవర్ని ఓడిపోయాడు, తననా, నన్నా? తనని తాను ఓడిపోయినవాడికి ఇంకొకరిని పణంగా పెట్టే అధికారం ఉందా? మా బల్ల దగ్గర ఎవరైనా ఇలా అడిగితే ఆట ఆపి పుస్తకం తీస్తాం. అక్కడ నిండు సభ నోరు మూసుకుంది. ధర్మం సూక్ష్మమైనదన్నాడు భీష్ముడు. వికర్ణుడొక్కడు లేచి, ఈమె గెలవబడలేదు అన్నాడు. అతన్ని అణిచేశారు.

చివరికి అపశకునాలు చూసి జడిసిన ధృతరాష్ట్రుడు వరాలు కోరుకోమన్నాడు. ఆమె ఒక వరంతో ధర్మరాజుని, ఇంకో వరంతో మిగతావాళ్ళని విడిపించుకుంది. మూడోది వద్దంది. పోయినదంతా తిరిగి ఇచ్చేశాడు. చూడటానికి అందరికీ మేలే జరిగింది. కానీ ప్రశ్నకి జవాబు రాలేదు. ఆట న్యాయంగా జరిగిందా, అన్యాయంగా జరిగిందా? ఎవరూ తేల్చలేదు. తేల్చకుండా ఫలితాన్ని మాత్రం మార్చేశారు. అందుకే కదా, పాండవులు ఇల్లు చేరకముందే మళ్ళీ పిలుపొచ్చింది. రెండోసారి పాచికలు పడ్డాయి. పన్నెండేళ్ళ అడవి, ఒక ఏడు అజ్ఞాతవాసం. లెక్క తేల్చకుండా కురిపించిన దయని వెనక్కి తీసుకోవడం ఎంత తేలికో ఆ రెండో జూదం చూపిస్తుంది.

ధర్మరాజు కథ అక్కడితో ఆగదు. అడవిలో ఉన్నప్పుడు తనంత దురదృష్టవంతుడు ఎవరైనా ఉన్నాడా అని బృహదశ్వుడనే మునిని అడిగాడు. ఆ ముని నలుడి కథ చెప్పాడు. తెలుగులో అది నన్నయ చేతుల్లోనే ఉంది, అరణ్యపర్వంలో. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరతాడు. దారిలో ఋతుపర్ణుడు ఒక చెట్టుని చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. అది తాండ్ర చెట్టు. త్రిఫలచూర్ణంలో మనం వేసుకునే తానికాయలు దానివే. పూర్వం జూదానికి వాడిన పిక్కలు కూడా అవే. నలుడు రథం దిగి లెక్కపెడితే సరిగ్గా సరిపోయాయి. ఋతుపర్ణుడు ఆ విద్యని, అక్షహృదయాన్ని, నలుడికిచ్చాడు. అక్షహృదయం అంటే పాచిక గుండెలో ఏముందో తెలియడం.

ఇంజనీరుగా నాకు ఇది భలే నచ్చే ఘట్టం. ఋతుపర్ణుడు నలుడికి రాజ్యం గెలిచి పెట్టలేదు. నలుడి తరఫున పాచిక తిప్పలేదు. లెక్క నేర్పాడు. ఆ తర్వాత నలుడు తనే ఆడి గెలుచుకున్నాడు. కథ ముగించి బృహదశ్వుడు కూడా అదే చేశాడు. ధర్మరాజుకి అక్షహృదయం ఉపదేశించి వెళ్ళిపోయాడు.

అదే ధర్మరాజు ద్రోణపర్వంలో ఒక అబద్ధం చెప్పాడు. అశ్వత్థామ చచ్చిపోయాడని గట్టిగా, ఏనుగని మెల్లగా. అప్పటిదాకా నేలకి నాలుగు అంగుళాల పైన తేలిన అతని రథం దిగి మట్టిని తాకింది. చాలామంది దీన్ని సత్యానికి పడిన శిక్షగా చదువుతారు. నాకు ఇంకోటి కూడా కనిపిస్తుంది. ద్రోణుణ్ణి ఆ మాట నేరుగా చంపలేదు. అతను ఆయుధం వదిలేసేలా చేసింది. అంటే అబద్ధం పని చేసేది ఎదుటివాడి నిర్ణయంలోకి దూరే. ద్వేషంతో చెప్పినా, ప్రేమతో చెప్పినా దాని యంత్రాంగం ఒకటే. తాతగారి మాట కొడుకు చేత ఐటీఐ సీటు వదిలించింది కూడా ఇలాగే.

ఇక్కడ ఒక అభ్యంతరం నాకు నేనే చెప్పుకోవాలి. నిజం కొన్నిసార్లు మనిషిని విరిచేస్తుంది. ఆ నెలలో మాంత్రికురాలికి ఆ 19 తట్టుకునే బలం లేదనే కదా నేను దాచింది. అయితే కథకుడు దయ లేని లెక్కల యంత్రమై కూర్చోవాలా? అలాగైతే బల్ల దగ్గర నేనెందుకు, ఒక ప్రోగ్రాం చాలదా?

దీనికి నాకు దొరికిన జవాబు బేతాళుడు. దారి పొడుగునా కథ చెప్పి, చివర్లో చిక్కు ప్రశ్న వేసి, జవాబు చెప్పగానే చెట్టెక్కే బేతాళుడు. వాడికి విక్రమార్కుడి మీద అభిమానం కలిగింది. భిక్షువు చంపబోతున్నాడని వాడికి తెలుసు. వాడు భిక్షువుని తనే చంపెయ్యలేదు. రాజుకి తెలియకుండా మంత్రాన్ని చెడగొట్టలేదు. ముందుగా సంగతి చెప్పాడు. వాడు నిన్ను సాష్టాంగపడమంటాడు, అప్పుడు నువ్వేం చెయ్యాలో ఇది అని. మిగతాది రాజు చేతుల్లో పెట్టాడు. కథ చెప్పేవాడి దయ ఉండాల్సిన చోటు అదే అనిపించింది నాకు. పాచిక పడకముందు. అందరూ వింటుండగా.

నేను చెయ్యాల్సింది చాలా ఉంది అసలు. రాతిమనిషి కాలు బీటలు వారి ఉందని చెప్పి ఉండొచ్చు. లోయ కింద నీళ్ళ చప్పుడు వినిపిస్తోందని చెప్పి ఉండొచ్చు. 'ఈ దెబ్బకి పోతే చావా, పట్టుబడటమా, ఏది ఉండాలి?' అని పాచిక వెయ్యకముందే బల్ల దగ్గర అందరినీ అడిగి ఉండొచ్చు. ఇంట్లో ఇబ్బందుల గురించైతే ఆట మధ్యలో కాదు, టీ తాగుతూ అడిగి ఉండొచ్చు. వీటిలో ఒక్కటి చెయ్యడానికీ తెర అక్కర్లేదు. అంతకుముందు చెయ్యాల్సిన పని చెయ్యక, తర్వాత అంకె మార్చాను. నిజం చెప్పాలంటే నా దయలో సగం నా బద్ధకమే. మిగతా సగంలో కొంత, అందరూ బల్ల గుద్ది అరుస్తారన్న ఆశ.

*

తర్వాతి శనివారం అట్టల తెర తీసేశాను. మిగతా ముగ్గురికీ జరిగింది చెప్పాను. విలుకాడు నొచ్చుకున్నాడు. "అయితే ఇన్నాళ్ళూ ఎన్నిసార్లు తిప్పావురా?" అన్నాడు. ఈ ఒక్కసారే అని చెప్పాను. అది నిజమే, కానీ వాడి మొహంలో అనుమానం పోలేదు. పోవడానికి చాలా వారాలు పట్టింది. ఒక్క అంకె అబద్ధమైతే పడిన అంకెలన్నీ అనుమానమే అవుతాయని అప్పటిదాకా నాకు తట్టలేదు.

మళ్ళీ వంతెన దగ్గరికి వెళ్ళాం. వంటింట్లోంచి స్టీలు కంచం తెచ్చి బల్ల మధ్యలో పెట్టాం. 19 అలాగే ఉంచాం. వెయ్యని రెండు పాచికలు మిగిలాయి. మాంత్రికురాలు తనే వేస్తానంది. 36లో మూడు పాళ్ళు. కంచంలో అవి గలగలా దొర్లి ఆగాయి. ఐదు, నాలుగు.

ఎవరూ మాట్లాడలేదు. "చెప్పనా?" అంది. చెప్పమన్నాను. తన కేరెక్టర్ చావుని తనే చెప్పింది. వంతెన అవతలి ఒడ్డున విలుకాడు కాలు మోపేవరకూ చూసి, తర్వాత తాళ్ళ మీంచి చెయ్యి తీసిందట. నేను వర్ణించిన గాలిలో పిడికిలి కంటే అది చాలా బాగుంది. వైద్యుడు ఆడే అబ్బాయి కళ్ళు తుడుచుకున్నాడు. పోర్టులో షిఫ్టు దిగి సరాసరి వచ్చాడు వాడు, నిద్ర లేక అంటూ సర్దిచెప్పుకున్నాడు.

ఆమె కొత్త షీటు తీసుకుంది. ఈసారి మాంత్రికురాలు కాదు, రేవులో సరుకు లెక్కలు రాసే గుమాస్తా. ఒక్క మంత్రం కూడా రాదు. తన దగ్గరున్న ఒకే ఒక్క విద్య, ఏ కుప్పనైనా ఒక్క చూపులో లెక్కపెట్టెయ్యడం.

"దీని పేరు ఏటి?" అని అడిగాను.

"పేరు తర్వాత ఆలోచిద్దాం. ముందు పాచికలు ఇటివ్వన్నా" అంది.